ఓక్లాండ్ పోయి పాంటియాక్ ఎలా నిలిచింది? తెలిసినవాళ్లు చెప్పండి

అందరికీ నమస్కారం. పాత అమెరికన్ కార్లంటే నాకు ప్రాణం. ఒక సందేహం తీర్చగలరా?

మిషిగన్‌లోని పాంటియాక్ ఊళ్లో గుర్రపు బగ్గీలు తయారుచేసే ఎడ్వర్డ్ మర్ఫీ 1907లో ఓక్లాండ్ కార్ల కంపెనీ పెట్టాడు. 1909లో అది జనరల్ మోటార్స్ చేతికొచ్చింది. ఆ కంపెనీదే అయిన చౌక కారు షెవ్రొలేకీ ఓక్లాండ్‌కీ మధ్య ధరలో 1926లో పాంటియాక్ అనే ఆరు సిలిండర్ల కొత్త కారును దించారు. రేడియేటర్ మీద ఆదివాసీ నాయకుడు పాంటియాక్ తల బొమ్మ ఎంత అందంగా ఉంటుందో! అది తెగ అమ్ముడైంది. చివరికి 1931తో ఓక్లాండ్ పేరే ఆపేశారు. నాకైతే ఇది చాలా బాధగా అనిపిస్తుంది.

ఆ చౌక కారును ఓక్లాండ్ పేరుతోనే ఎందుకు తేలేదు? కొత్త పేరు పెట్టాలన్నది ఎవరి నిర్ణయం? అప్పటి ప్రకటనలు, డీలర్ల కాగితాలు చూసినవాళ్లుంటే దయచేసి వివరంగా రాయండి.