ఎల్‌ఎల్‌బీ రెండో ఏడాది: మార్కులు తక్కువ, మేలో ఇంటర్న్‌షిప్ ఎక్కడ చేయాలి?

ప్రశ్న: హనుమకొండ నుంచి, మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ

అందరికీ నమస్కారం. నాలుగో సెమ్ పరీక్షలు దగ్గర పడ్డాయి, మూడో సెమ్ ఫలితాలు మొన్ననే వచ్చాయి. అన్నీ పాసయ్యాను కానీ మార్కులు ఎవరికీ చెప్పబుద్ధి కావడం లేదు. డిగ్రీ దాకా తెలుగు మీడియం. విషయం తెలిసినా ఇంగ్లీషులో పేజీలు నింపేసరికి టైం అయిపోతోంది, చివర్లో ఉండే ప్రాబ్లమ్ ప్రశ్నలకు (ఒక కేసు కథలా ఇచ్చి ఎవరు గెలుస్తారో అడిగేవి) నాలుగు ముక్కలు రాసి లేచి వచ్చేస్తున్నా. ఇంకోపక్క హైదరాబాద్‌లో లా ఫర్మ్‌లకు మెయిల్స్ పెడుతూనే ఉన్నా, వద్దని కూడా ఎవరూ జవాబివ్వలేదు. లాయర్ల పిల్లలకు ఈ తిప్పలు లేవు, మా ఇంట్లో కోర్టు మెట్లెక్కినవాళ్లే లేరు. ఈ మార్కులతో నన్నెవరైనా తీసుకుంటారా? మేలో ఎక్కడికి వెళ్లాలి? టెన్షన్‌తో రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు, తెలిసినవాళ్లు చెప్పండి.

జవాబు: జిల్లా కోర్టు న్యాయవాది

తమ్ముడూ, జిల్లా కోర్టులో ఏ సీనియరూ నీ మార్కుల మెమో అడగడు. టైముకు వస్తావా, ఫైలు చదివి రెండు ముక్కల్లో చెప్పగలవా అన్నదే చూస్తారు. మెయిల్స్ పక్కన పెట్టి మనిషిని కలువు. సాయంత్రాలు సీనియర్లు ఆఫీసులోనే ఉంటారు, క్లయింట్లు పలచబడ్డాక వెళ్లి సూటిగా అడుగు. అంతకంటే ముందు కోర్టు ఆవరణలో గుమస్తాలతో మాట్లాడు, ఎవరి దగ్గర పని ఎక్కువుంది, ఎవరి దగ్గర జూనియర్లు లేరు అన్నది వాళ్లకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు.

మేలో సివిల్ కోర్టులకు సెలవులని చాలామంది స్టూడెంట్లు ఇంట్లో కూర్చుంటారు. కానీ ఎండాకాలమని అరెస్టులు ఆగవు, రిమాండ్లూ బెయిళ్లూ ఆగవు, కాబట్టి క్రిమినల్ ప్రాక్టీసు ఉన్న సీనియర్ని పట్టుకో. ఆ ఆఫీసులో నువ్వు మొదటిరోజు నుంచే చేయగలిగే పని ఒకటుంది. రిమాండ్ చేసిన నాటి నుంచి 60 రోజుల్లో పోలీసులు చార్జిషీటు వేయకపోతే నిందితుడికి బెయిలు అడిగే హక్కు వస్తుంది. నేరానికి మరణశిక్షో, యావజ్జీవమో, పదేళ్లూ ఆపైన శిక్షో ఉంటే అది 90 రోజులు. క్రిమినల్ కేసులు ఎలా నడవాలో చెప్పే కొత్త చట్టం బీఎన్‌ఎస్‌ఎస్‌లో ఇది సెక్షన్ 187, దానికి ముందున్న సీఆర్‌పీసీలో 167(2). రిమాండ్ చేసిన రోజునూ ఆ లెక్కలో కలపాలని 2023లో సుప్రీంకోర్టు ముగ్గురు జడ్జీల బెంచి తేల్చింది. పిటిషన్ మాత్రం చార్జిషీటు పడేలోపే వేయాలి, ఒక్కరోజు అటూ ఇటూ అయితే లోపలున్న మనిషి ఇంకెన్నాళ్లుండాలో చెప్పలేం. ఫైల్లోంచి రిమాండ్ రిపోర్టు తీసి, పక్కన క్యాలెండర్ పెట్టుకుని వేళ్లతో లెక్కేసి, "సార్, ఫలానా తారీఖుతో అయిపోతోంది" అని నువ్వే ముందుగా చెబితే ఆ సీనియర్ నిన్ను మర్చిపోడు. పరీక్షలో ఇదే ప్రాబ్లమ్‌గా వస్తే గైడు తిరగేయక్కర్లేదు.

డ్రెస్ సంగతి: తెల్ల చొక్కా, నల్ల ప్యాంటు వేసుకో, నల్ల కోటు, టై కావాలేమో సీనియర్ని అడుగు. మెడకు కట్టే తెల్ల బ్యాండు, గౌను మాత్రం బార్ కౌన్సిల్లో లాయరుగా ఎన్‌రోల్ అయ్యాకే.

జవాబు: కరీంనగర్, ఈమధ్యే ఎన్‌రోల్ అయ్యాను

సర్ చెప్పినదాంతో ఏకీభవిస్తాను కానీ ముందు పరీక్షల సంగతి చూడు, బ్యాక్‌లాగ్ పడితే ఎన్‌రోల్‌మెంటే ఆగిపోతుంది. ప్రాబ్లమ్ ప్రశ్నలు చివరికి పెట్టుకోకు, వాటితోనే మొదలుపెట్టు. వాటికి ఇంగ్లీషు తక్కువ చాలు. తేల్చాల్సిన పాయింటు ఏంటో ఒక లైను, సెక్షన్, ఒక కేసు, అది ఈ కథకు ఎలా వర్తిస్తుందో నాలుగు లైన్లు, ఎవరు గెలుస్తారో ఒక లైను. మైనర్ ఇల్లు తాకట్టు పెట్టి అప్పు తీసుకున్నాడనుకో, మైనర్‌తో ఒప్పందం మొదటినుంచే చెల్లదని 1903లో అప్పటి ఆఖరి అప్పీలు కోర్టు ప్రివీ కౌన్సిల్ మోహరీ బీబీ కేసులో చెప్పింది, అది రాసి అప్పిచ్చినవాడు ఆ తాకట్టును ఎందుకు అమలు చేయించుకోలేడో చూపిస్తే మార్కులు వేయక తప్పదు. ఇంకొకటి, 2024 జులై 1 నుంచి కొత్త క్రిమినల్ చట్టాలు కదా, పాత గైడ్లు నమ్మకు. పాత సీఆర్‌పీసీలో 482 అంటే హైకోర్టు సహజాధికారాలు (కేసు కొట్టేయడం లాంటివి), బీఎన్‌ఎస్‌ఎస్‌లో 482 అంటే ముందస్తు బెయిలు, ఆ పాత 482 ఇప్పుడు 528. ఇక్కడ తికమకపడితే జవాబు మొత్తం పోతుంది.

డబ్బు గురించి కూడా భయపడకు. ఎన్‌రోల్‌మెంట్‌కు చట్టంలో ఉన్న 750 రూపాయలకు మించి (ఎస్సీ, ఎస్టీలకు 125) బార్ కౌన్సిళ్లు వసూలు చేయకూడదని సుప్రీంకోర్టు 2024లోనే చెప్పింది. తర్వాత ఉండే ఏఐబీఈ (ప్రాక్టీసు కోసం రాయాల్సిన బార్ పరీక్ష) తెలుగులోనూ రాయొచ్చు.

జవాబు: హైదరాబాద్, ఒక కంపెనీ లీగల్ విభాగం

పెద్ద ఫర్మ్‌లు మార్కులు చూస్తాయి, ఏ కాలేజీ అన్నదీ చూస్తాయి, ఇది దాచిపెడితే నీకే నష్టం. పైగా వేసవి సీట్లు నెలల ముందే నిండిపోతాయి, ఇప్పుడు మెయిల్ పెడితే చూసే నాథుడుండడు. డిసెంబర్‌కు ఇప్పుడే అడుగు. అందరికీ ఒకే మెయిల్ వద్దు, ఏ తారీఖు నుంచి ఏ తారీఖు దాకా వస్తావో మొదటి లైన్లోనే ఉండాలి, ఏదైనా ఒక తీర్పు మీద నువ్వు సొంతంగా రాసిన రెండు పేజీలు జతచెయ్యి. మార్కుల వల్ల కలిగే అనుమానాన్ని తీర్చేది ఆ రెండు పేజీలే. డబ్బు కట్టించుకుని ఇంట్లో కూర్చున్నా సర్టిఫికెట్ ఇచ్చే ఆన్‌లైన్ ఇంటర్న్‌షిప్‌ల జోలికి మాత్రం పోకు. ఇంటర్వ్యూలో ఏం చేశావని ఒక్క ప్రశ్న వేస్తే దొరికిపోతారు, అలాంటివాళ్లను చూస్తే బాధేస్తుంది.

జవాబు: నల్గొండ, ఫైనలియర్

తెలిసిన సీనియర్ లేకపోతే నేరుగా జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లు తమ్ముడూ, కాలేజీ లెటర్ తీసుకెళ్తే మాట్లాడతారు. నేను అక్కడే చేశాను. ఆడవాళ్లకు, ఎస్సీ ఎస్టీలకు, కస్టడీలో ఉన్నవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయర్ని ఇస్తారని పుస్తకంలో చదవడం వేరు, భర్త వెళ్లగొట్టిన మనిషి చంకలో పిల్లతో వచ్చి దరఖాస్తులో ఏం రాయాలమ్మా అని అడిగితే పక్కన కూర్చుని రాసిపెట్టడం వేరు. ఇది చదివే అమ్మాయిలకు ఒక మాట, ప్రైవేటు ఆఫీసులో చేరేటప్పుడే సాయంత్రం ఎన్నింటికి బయల్దేరతారో చెప్పేయండి, అడగడానికి మొహమాటపడొద్దు. మంచి సీనియర్లు అర్థం చేసుకుంటారు.

ఇంకోటి, బార్ కౌన్సిల్ రూల్స్ ప్రకారం మూడేళ్ల కోర్సుకు కనీసం 12 వారాల ఇంటర్న్‌షిప్ ఉండాలి, ఏ ఏడాదిలోనూ వరుసగా నాలుగు వారాలు మించకూడదు. అంతా ఆఖరి ఏడాదికి నెట్టేస్తే కుదరదు.

ప్రశ్న అడిగినవాడిని

అన్నలకూ అక్కకూ చాలా థ్యాంక్స్. పరీక్షలు కాగానే మేజిస్ట్రేట్ కోర్టు దగ్గర గుమస్తాలను కలుస్తాను. మూట్ కోర్టు (నమూనా వాదనల) పేపర్‌కు కోర్టులో చూసిన కేసుల రికార్డు రాయాలి కదా, మేలో చూసినవి అందులో పెట్టొచ్చా?

జవాబు: జిల్లా కోర్టు న్యాయవాది

పెట్టొచ్చు. ఒక సివిల్, ఒక క్రిమినల్ కేసు విచారణ చూసి రాయాలి, 30 మార్కులు దానికే. క్రిమినల్‌ది మేలో దొరికితే సరే, లేదంటే అదీ జూన్‌లోనే. బెయిలు వాదన కాదు, సాక్షిని విచారించే కేసు కావాలి. సివిల్‌ది జూన్‌లో కోర్టులు తెరిచాక చూడు. కేసు నంబరు, ఆ రోజు ఏ సాక్షి వచ్చాడు, క్రాస్‌లో ఎదుటి లాయరు ఏం అడిగారు, వాయిదా పడితే ఎందుకు పడిందీ ఏ రోజుకారోజు రాసుకో. తర్వాతి వాయిదా ఎప్పుడో, ప్రతి కేసుకూ విడిగా ఉండే సీఎన్‌ఆర్ నంబరు కొడితే ఈ-కోర్ట్స్ యాప్‌లో కనిపిస్తుంది.