టై రాడ్ ఎండ్ నకిల్ నుంచి ఊడి రావడం లేదు

తిరుపతిలో ఇంటి దగ్గరే మా 2011 నాటి కారుకు ఎడమవైపు బయటి టై రాడ్ ఎండ్ (స్టీరింగ్ కదలికను చక్రానికి అందించే కడ్డీ చివరి జాయింట్) మారుస్తున్నాను. చక్రాన్ని జాకీపై లేపి రెండు పక్కలా పట్టుకుని ఊపితే లొడలొడమంటోంది. రబ్బరు తొడుగు చిరిగి గ్రీజంతా కారిపోయింది. పిన్ను తీశాను, లాక్ నట్టు వదులైంది, పెద్ద నట్టూ వచ్చింది. దాని బాల్ జాయింట్ కాడ మాత్రం నకిల్ (చక్రాన్ని మోస్తూ స్టీరింగ్‌తో పాటు తిరిగే లోహపు భాగం) రంధ్రంలో బిగుసుకుపోయింది. రాత్రంతా తుప్పు వదిలించే నూనె పట్టించి ఉంచాను. పొద్దున ఆ కాడ దూరిన నకిల్ చెవిపై రెండు పక్కల నుంచీ సుత్తులతో అరగంట కొట్టాను. అంగుళం కూడా కదలలేదు. పాత భాగం ఎలాగూ పారేసేదే, నకిల్ దెబ్బతింటుందనే నా భయం. ఈ కారులోనే అమ్మానాన్నలను తిరుమల ఘాట్ రోడ్డు ఎక్కించాలి.

పుల్లర్ (జాయింట్‌ను ఒత్తి ఊడదీసే పనిముట్టు) బిగించి, ఆ ఒత్తిడి మీదే మళ్లీ సుత్తితో కొట్టడం క్షేమమేనా, లేక ముందు నకిల్‌ను వేడి చేయాలా?