పేరుకు ముందు ‘ఆచార్య’ అనాలా, ‘ఆచార్యాని’ అనాలా?

ప్రశ్న, కర్నూలు నుంచి:
అందరికీ నమస్కారం. మా కళాశాల తెలుగు శాఖ తరఫున నాయని కృష్ణకుమారి గారి సంస్మరణ సభ జరుపుతున్నాం. ఆహ్వానపత్రంలో ‘ఆచార్య నాయని కృష్ణకుమారి’ అని రాస్తే, అది పురుషులకు వాడే మాట కాబట్టి ‘ఆచార్యాని’ అని దిద్దమని ఒక పెద్దాయన సూచించారు. ఏది సరైనది? పత్రం అచ్చుకు వెళ్లాలి, కాస్త త్వరగా చెప్పగలరు.

జవాబు, అనంతపురం నుంచి:
అమ్మా, ‘ఆచార్యాని’ మాత్రం వద్దు. అది ఆచార్యుడి భార్యను చెప్పే మాట. అమరకోశం మనుష్యవర్గంలో స్పష్టంగా ఉంది:

ఉపాధ్యాయాప్యుపాధ్యాయీ స్యాదాచార్యాపి చ స్వతః
ఆచార్యానీ తు పుంయోగే

‘స్వతః’ అంటే తన విద్య వల్ల, తానే పాఠం చెప్పడం వల్ల. అలాంటి స్త్రీ ఆచార్యా. ‘పుంయోగే’ అంటే భర్త సంబంధం వల్ల. ఆమె ఆచార్యానీ. పాణిని కూడా ఇంద్రాణీ, భవానీ, మాతులానీ వంటి మాటలను సాధించే సూత్రంలోనే దీన్నీ చేర్చాడు.

ఇక సంస్కృతంలోని ఆకారాంత స్త్రీలింగ పదాలు తెలుగులోకి వస్తే చివరి దీర్ఘం పోతుంది. సీతా మనకు సీత, రమా మనకు రమ. అలాగే ఆచార్యా మనకు ఆచార్య. కాబట్టి మీరు మొదట రాసిన మాట పురుషుల దగ్గర అరువు తెచ్చుకున్నది కాదు, వ్యాకరణం ప్రకారం నిఖార్సైన స్త్రీవాచకం.

కృష్ణకుమారి గారి విషయంలో ఆ ‘స్వతః’ అన్న మాట నాకు మరీ ఇష్టం. తండ్రి నాయని సుబ్బారావు గారు పేరుపొందిన కవి. అయినా ఆమెకు దక్కిన గౌరవం ఆమె కృషిదే. జానపద గేయగాథల మీద పరిశోధించారు, ఉస్మానియాలో తరాల విద్యార్థులకు తెలుగు చెప్పారు, తర్వాత తెలుగు విశ్వవిద్యాలయానికి ఉపకులపతి అయ్యారు. చదువురాని వారి నోళ్లలో బతికిన కథాగేయాలను కావ్యాలకు ఇచ్చినంత శ్రద్ధతో పరిశీలించిన మనిషిని ఇంకొకరి భార్యగా సూచించే మాటతో పిలవడం నాకు సుతరామూ సమ్మతం కాదు.

కడప నుంచి:
చక్కగా చెప్పారు సార్. మరి ‘ఆచార్యురాలు’, ‘ఆచార్యిణి’ అని కూడా రాస్తున్నారు కదా?

అనంతపురం నుంచి:
‘ఆచార్యురాలు’ మంచి తెలుగు మాట. ‘ఆమె ఉస్మానియాలో ఆచార్యురాలు’ అని వాక్యంలో హాయిగా ఒదుగుతుంది. పేరుకు ముందు బిరుదులా వేయాలంటే ‘ఆచార్య’ నప్పుతుంది. ‘ఆచార్యిణి’కి ఆధారం లేదు. ‘ఉపాధ్యాయిని’ పత్రికల్లో స్థిరపడిపోయింది, దానితో నాకు పేచీ లేదు.

కర్నూలు నుంచి:
ధన్యవాదాలు సార్. ‘ఆచార్య’ అనే ఉంచాం. శ్లోకపాదాలు ఆ పెద్దాయనకు చూపించాను, ఆయనా సంతోషంగా ఒప్పుకున్నారు. ఇంకో సంగతి. గేయగాథల పరిశోధకురాలి సభలో గేయగాథ వినిపించకపోతే ఎలా? 1847లో కోవెలకుంట్లలో ఉరితీసిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పాటను మొదటి నుంచి చివరిదాకా పాడగలిగేవారు ఆ చుట్టుపక్కల ఎవరైనా మీకు తెలిస్తే చెప్పండి. రానుపోను ఖర్చులు మేమే పెట్టుకుంటాం.