ఠాగూర్‌ని స్పానిష్‌లోకి తెచ్చింది సెనోబియానా, ఆవిడ భర్తా?

గోదారిగాలి:
నోబెల్ కవుల గురించి మాట్లాడుకుంటుంటే ఒకరు "హువాన్ రామోన్ హిమెనెస్ ఠాగూర్‌ని స్పానిష్‌లోకి అనువదించాడు" అన్నారు, అది చదివాక ఊరుకోలేక రాస్తున్నా. హిమెనెస్ స్పెయిన్ కవి, ఆయన ఇంగ్లీష్ అంతంతమాత్రం అండీ. ఇంగ్లీష్ పుస్తకం ముందేసుకుని లైన్ లైన్ స్పానిష్ చేసింది ఆయన భార్య సెనోబియా కాంప్రూబీ. 1887లో బార్సిలోనా దగ్గర మాల్గ్రాత్‌లో పుట్టింది, వాళ్లమ్మది ప్యూర్టోరికో, ఇంట్లో చిన్నప్పట్నుంచీ ఇంగ్లీష్ కూడా, న్యూయార్క్ పిల్లల పత్రిక సెయింట్ నికోలస్‌లో చిన్నతనంలోనే ఆవిడ రాతలు అచ్చయ్యాయి. అంటే 1913లో మాడ్రిడ్‌లో ఈయన పరిచయం అయ్యేనాటికే ఆవిడ చేతిలో కలం ఉంది. కానీ 1915లో ఠాగూర్ "క్రెసెంట్ మూన్" స్పానిష్‌లో వచ్చినప్పుడు అనువాదకురాలి పేరు మూడు పొడి అక్షరాలు, లోపల హిమెనెస్ రాసిన కవిత మాత్రం ఆయన పూర్తి పేరుతో. నాకు ఇది అన్యాయంగానే కనిపిస్తుంది.

పాతపుస్తకం:
గోదారిగాలి గారూ, మీ బాధ అర్థమైంది గానీ సగమే చెప్పారు. తర్వాతి పుస్తకాల మీద ఆవిడ పేరు పూర్తిగానే వేశారు కదా. ఇంకోటి, ఆవిడ డ్రాఫ్ట్ చేశాక ఇద్దరూ కూర్చుని నడక సరిచేసేవాళ్లు, ఆ వాక్యాల్లో లయ ఆయన చెవిది. "పోస్టాఫీస్" నాటకమే చూడండి, 1917లో వాళ్లు పెట్టిన పేరు "రాజుగారి పోస్ట్‌మాన్". అమల్ అనే ఆ జబ్బు పిల్లాడు కిటికీ దగ్గర కూర్చుని ఎదురుచూసేది ఉత్తరం కోసం, ఆఫీసు కోసం కాదు, ఆ పేరుతో నాటకం గుండె దొరికింది. అది ఇద్దర్లో ఎవరికి తట్టిందని తేలుస్తాం? నా మటుకు అది జంట పని.

చీరాలసముద్రం:
జంట పనే అనుకుందాం, మరి జనం నోట ఒక్క పేరే ఎందుకు మిగిలింది? ఇరవై పైచిలుకు ఠాగూర్ పుస్తకాలు అండీ! అవి స్పెయిన్‌తో ఆగలేదు, లాటిన్ అమెరికా అంతా ఠాగూర్‌ని చదివింది ఎక్కువగా ఈ అనువాదాల్లోనే. పైగా ఇల్లు గడిపింది కూడా ఆవిడే, మాడ్రిడ్‌లో ఫర్నిచర్‌తో సహా ఫ్లాట్లు అద్దెకిచ్చేది, చేతిపనుల షాపు నడిపింది, 1926లో మొదలైన ఆడవాళ్ల లైసియం క్లబ్‌కి సెక్రటరీ. హిమెనెస్‌కి డిప్రెషన్, పక్కనే డాక్టరు లేకపోతే భయం. 1936లో స్పెయిన్‌లో అంతర్యుద్ధం వచ్చి దేశం వదిలేశాక క్యూబా, ఫ్లోరిడా, మేరీల్యాండ్, ప్యూర్టోరికో, ప్రతిచోటా సంసారం మళ్లీ సర్దుకుంది ఆవిడే. ఇక సొంతంగా రాసుకోడానికి టైం ఎక్కడిది?

పాతపుస్తకం:
ఆవిణ్ణి బలైపోయిన మనిషిగా మాత్రం చూడకండి, ప్లీజ్. ఇష్టపడి ఎంచుకున్న జీవితం, మేరీల్యాండ్ యూనివర్సిటీలో పాఠాలు చెప్పింది, ఏళ్ల తరబడి డైరీలు రాసింది. అవి మూడు సంపుటాలుగా వచ్చాయి, రచయిత్రి కాదని ఎవరన్నారు?

గోదారిగాలి:
డైరీల మాట ఒప్పుకుంటా, నేను దాన్ని వదిలేశాను, పొరపాటే. కానీ అవి వెలుగు చూసింది ఆవిడ పోయిన చాలా ఏళ్లకి కదా. ఎంపిక ఆవిడదే కావచ్చు, అంతమాత్రాన మనం పేరు వదిలేయాలా? 1956 అక్టోబర్ 25న హిమెనెస్‌కి నోబెల్ ప్రకటించారు, క్యాన్సర్‌తో ఉన్న ఆవిడ ఆ వార్త విని మూడ్రోజులకి, 28న, సాన్ హువాన్‌లో కన్నుమూసింది. ఆయన స్టాక్‌హోమ్ వెళ్లలేకపోయాడు, ప్యూర్టోరికో యూనివర్సిటీ రెక్టర్ చదివిన సందేశంలో ఈ బహుమతి నిజంగా గెలిచింది నా భార్య అని చెప్పించాడు. ఆయనే అంత మాటన్నాక "హిమెనెస్ అనువదించాడు" అని మనం రాయడం ఏంటండీ? నిన్న అలా రాసినవారు దయచేసి ఆ లైన్ ఎడిట్ చేసి సెనోబియా పేరు ముందు పెట్టండి, పక్కన ఆయన పేరున్నా నాకు అభ్యంతరం లేదు.