పిల్లవాణ్ని ఎందుకు దించలేదని కోచ్‌ని అడగొచ్చా? (స్కూల్ వాలీబాల్)

ఎండ్‌లైన్: జట్టుకి పన్నెండు మందిని తీసుకుంటారు, ఆడేది ఆరుగురు. టోర్నీ ముగిసేసరికి కొందరు కోర్టులో అడుగు పెట్టకుండానే ఇంటికొస్తారు. కారణం అడిగితే జోక్యం చేసుకోవద్దంటారు. అడగడం కూడా జోక్యమేనా?

మూడోటచ్: మ్యాచ్ మధ్యలో బెంచి దగ్గరికొచ్చి అడిగితే జోక్యమే. కోచ్‌కి దొరికే టైమవుట్లు సెట్‌కి రెండు, ఒక్కోటి 30 సెకన్లు. ఇక దించడం సంగతి. అంతర్జాతీయ నియమాల ప్రకారం సెట్‌కి ఆరు మార్పులే. మొదట దిగినవాడు బయటికొస్తే ఆ సెట్‌లో ఒక్కసారే తిరిగి రాగలడు, అదీ తన స్థానంలోకే, తన బదులు దిగినవాడు బయటికొస్తేనే. 18-18 దగ్గర ఒకణ్ని ఊరికే రెండు పాయింట్ల కోసం దించితే, 23 దగ్గర నెట్ మీద స్మాష్‌ని అడ్డుకునే పొడుగు బ్లాకర్ కోసం దాచుకున్న మార్పు చెయ్యి జారిపోతుంది. గట్టు మీద కూర్చున్నవాళ్లకి ఈ లెక్క కనపడదు.

గోడపక్క: లిబెరోకి (వేరే రంగు చొక్కాతో డిఫెన్స్ మాత్రమే ఆడేవాడికి) ఈ మార్పుల లెక్క లేదుగా. అలా దించొచ్చు.

మూడోటచ్: లిబెరో వెనక వరసలోనే ఆడాలి. బ్లాక్ చెయ్యకూడదు, నెట్ ఎత్తు దాటిన బంతిని కొట్టకూడదు. స్మాషర్‌కి లిబెరో చొక్కా తొడిగితే ఆ తండ్రే రేపొచ్చి "మావాడిచేత కొట్టించరేం" అంటాడు.

ఎండ్‌లైన్: పోటీ పెట్టినవాళ్లు మార్పుల పరిమితి సడలిస్తే? అప్పుడేం సాకు చెప్తారు?

విజిల్: మార్పుల సంగతి సరే, అరుపుల సంగతి ఎవరూ ఎత్తరేం? ఎదుటివాడు సర్వీసు కొట్టే క్షణానికి అందుకునే జట్టు వరస తప్పకూడదు. సెట్టర్ (స్మాషర్‌కి బంతి ఎత్తిచ్చేవాడు) 1లో, అంటే వెనక వరస కుడి మూల ఉంటే నెట్ దగ్గరికి పరిగెత్తడానికి కాచుకుని ఉంటాడు. బయట నుంచి "ముందుకెళ్లరా" అని కేక పడుతుంది. సర్వీసు కొట్టకముందే కదిలి, తన ఎదుట 2లో ఉన్నవాణ్ని దాటేస్తాడు. పాయింటు పోతుంది, సర్వీసు ఎదుటివాళ్ల దగ్గరే ఉండిపోతుంది. వెనక వరస స్మాషర్‌ని "కొట్టు, కొట్టు" అంటే ఇంకో రకం నష్టం. 3 మీటర్ల గీత లోపల ఎగిరి, నెట్ పైనున్న బంతిని అవతలికి కొడితే ఫౌల్.

గోడపక్క: పిల్లాడికి రూలు తెలియకపోతే నేర్పనివాడి తప్పు.

విజిల్: రూలు తెలుసు. నాన్న గొంతూ తెలుసు.

ఎండ్‌లైన్: నేను అరుపుల గురించి అడగలేదు. ఎంపిక ఏ కొలతతో జరిగిందన్నదే నా ప్రశ్న. రిసీవ్‌కి, అంటే ఎదుటి సర్వీసు అందుకోవడానికి, 0 నుంచి 3 దాకా మార్కులు వేసే పద్ధతి ఉంది. సెట్టర్ కదలకుండా ఎటైనా ఎత్తగలిగితే 3, ఎలాగో ఒకవైపే ఎత్తగలిగితే 1, బంతి నేలపాలైతే 0. ఆ కాగితం చూపిస్తే గొడవే ఉండదు.

మూడోటచ్: గొడవ అప్పుడే మొదలవుతుంది. చూసినవాళ్లు పక్కవాడి మార్కులు అడుగుతారు. ప్రాక్టీసులో నెమ్మది సర్వీసుకి సగటు 2 దాటినవాడు, మ్యాచ్‌లో ఎగిరి కొట్టే, గాల్లో వంకర్లు పోయే జంప్ ఫ్లోట్ సర్వీసు ముందు 1కి దిగొచ్చు. ఎవరి సర్వీసు మీద వేసిన మార్కులో తెలియకుండా ఆ అంకె పట్టుకుని వాదిస్తారు. అయినా మీ బాధ కొలత గురించి కాదులెండి. మీవాడు బెంచి మీదున్నాడు, అంతే.

ఎండ్‌లైన్: ఉన్నాడు. ఉంటే నా మాట చెల్లదా? వాడెందుకు కూర్చున్నాడో వాడికే తెలియదు. "ఎడమపక్కకి వచ్చే బంతికి నీ కాళ్లు ఆలస్యంగా కదులుతున్నాయి" అని ఒక్క ముక్క చెప్పినవాళ్లు లేరు. నాకు చెప్పక్కర్లేదు, వాడికి చెప్పమనండి. స్కూల్ జట్టంటే చదువులో భాగం. లెక్కల్లో వెనకబడ్డవాణ్ని ఏడాదంతా గోడవైపు తిప్పి కూర్చోబెడతారా?

మూడోటచ్: చదువులో భాగమని ఇప్పుడంటారు. కప్పు రాకపోతే కోచ్‌ని మార్చమని అర్జీ పెట్టేదీ తల్లిదండ్రులే. అందరినీ ఆడించమంటారు, గెలవమనీ అంటారు. ఏది కావాలో సీజన్ మొదట్లోనే స్కూలు కాగితం మీద రాయాలి. మొదటి సెట్‌లో అందరూ ఆడాలని రాస్తే నేనలాగే ఆడిస్తా. ఓడితే మాత్రం నా దగ్గరికి రాకండి.

ఎండ్‌లైన్: రాయించండి మరి. ముందు నేనే సంతకం పెడతా. బెంచి మీదున్నవాడికి వారానికోసారి కోచ్ ఐదు నిమిషాలివ్వాలని కూడా అందులో చేర్చండి.

మోకాలిచిప్ప: కూర్చున్నవాడి గురించి ఇంత వాదన, ప్రతి సెట్టూ ఆడేవాడి గురించి మాట లేదు. ఎముకలు ఎదిగే వయసులో అదేపనిగా ఎగిరితే, చిప్ప కింద తొడ కండరం లాగే చోట ఎముక నొప్పెట్టి ఉబ్బుతుంది. ఆస్‌గుడ్ ష్లాటర్ అంటారు. ఎగురుళ్లు తగ్గించాలి. నొప్పితో కుంటుతుంటే ఆపాలి. తలకు దెబ్బ తగిలి కంకషన్ (మెదడు అదరడం) అనుమానమొస్తే ఆ రోజుకి ఆట బంద్. ఇక్కడ తల్లిదండ్రులు అడ్డం పడాల్సిందే, దీనికి కోచ్ అనుమతి అక్కర్లేదు.

మూడోటచ్: ఒప్పుకుంటా. కానీ ఫైనల్ ముందురోజు "నొప్పి తగ్గింది సార్, దించండి" అని ఫోన్లు చేసేదెవరో కూడా చెప్పండి. ఆ ఫోను వస్తే నేను డాక్టరు కాగితం అడుగుతా. లేకపోతే దించను.

గోడపక్క: అప్పుడు కూడా ఎందుకు దించలేదనే అడుగుతారు సార్.