ఎండుటాకుకు రంగు వేస్తే అది పూల అమరిక కాకుండా పోతుందా?

తాటాకు
అందరికీ నమస్కారం. మాది విజయవాడ. నాలుగేళ్లుగా ఇకెబానా, అంటే జపాన్ వాళ్ల పూల అమరిక కళ నేర్చుకుంటున్నాను. పోయిన నెల ఒక పూల ప్రదర్శనలో పోటీకి అమరిక పెట్టాను. మూడు ఎండు తాటాకులు విసనకర్రల్లా కత్తిరించి, రెండింటికి నలుపు, ఒకదానికి ఇటుక ఎరుపు వేశాను. వాటి మొదట్లో నాలుగు తెల్ల ఆంథూరియం పూలు, కాస్త ఆస్పరాగస్ ఆకు. గిన్నె నల్లటి మట్టిది. న్యాయనిర్ణేత చీటీ మీద ఒక్క ముక్క రాశారు: రంగు వేసిన ఆకు ప్రకృతి కాదు కాబట్టి పరిశీలనకు తీసుకోలేదట. నియమాల కాగితంలో రంగు ఊసే లేదు.

బహుమతి రాలేదని కాదు నా బాధ. రెండు వారాలు కూర్చుని చేసినదాన్ని పూల కళే కాదంటే తట్టుకోలేకపోతున్నాను. ఆ ఆకులు మా ఊరి చెరువు గట్టు మీద రాలినవి. వానకు తడిసి మచ్చలు పడ్డాయి. రంగు వేయకముందు వాటిని ఎవరూ తిరిగి చూసేవారు కాదు. నలుపు వేశాకే ఆ మడతలు కంటికి ఆనాయి. మీరేమంటారు? మొహమాటం లేకుండా చెప్పండి.

నీటిగిన్నె
మీ మనసు కష్టపెట్టాలని కాదు కానీ, నేను న్యాయనిర్ణేత వైపే. నియమం ముందే రాసి ఇవ్వకపోవడం మాత్రం నిర్వాహకుల తప్పు.

ఎండినదాన్ని వాడొద్దని ఎవరూ అనరు. ఇకెబానాలో అన్నిటికంటే పాత బడి ఇకెనొబో. క్యోటోలోని రొక్కకుదో గుడి వాళ్ల పుట్టిల్లు. ఇకెనొబో సెన్‌కెయ్ చేసిన అమరిక గురించి 1462 నాటి ఒక దినచర్యలోనే రాసి ఉంది. నాచు పట్టిన కొమ్మలూ, ఎండలకూ వానలకూ చేవ తేలిన మోడులూ వాళ్లకు ఎంతో ఇష్టం. తామర అమరిక చూడండి. చిల్లులు పడ్డ ఎండుటాకు, గింజల కాయ నిన్నటివి. విచ్చిన పువ్వు ఇవాళ్టిది. చుట్టుకుని ఉన్న లేత ఆకు, మొగ్గ రేపటివి. మూడూ ఒకే గిన్నెలో ఉంటాయి. ఆ ఎండుటాకు మీద రంగు పూస్తే అందులోంచి నిన్న అనేది చెరిగిపోదా? మీ చెరువు గట్టు ఆకు మీద వాన మచ్చలున్నాయన్నారు. నేనైతే వాటినే చూడాలనుకుంటాను. మీరు వాటినే కప్పేశారు.

వంకరకొమ్మ
నీటిగిన్నె గారూ, మీరు చెప్పింది ఒక బడి మాట. ఇకెబానా అంతా ఒకే బడి కాదు కదా. నేను నేర్చుకుంటున్నది సోగెత్సు. 1927లో సోఫు తెషిగహారా మొదలుపెట్టారు. ఎవరైనా, ఎక్కడైనా, ఏ సామగ్రితోనైనా చేయవచ్చన్నదే ఆ బడికి పునాది. యుద్ధం తర్వాత ఆయన ఇనుముతో, పెద్ద పెద్ద చెట్టు మొద్దులతో శిల్పాలు చేశారు. కొడుకు హిరోషి సినిమా దర్శకుడు. ఆయన బడి పగ్గాలు చేపట్టాక వెదురు బద్దలతో మనుషులు నడిచి వెళ్లేంత సొరంగాలు కట్టారు. ఎండినవి, రంగు వేసినవి, బ్లీచ్ చేసినవి వాడటం మా పాఠాల్లోనే ఉంది. మిత్సుమతా అని మూడేసి పాయలుగా చీలే కొమ్మ ఒకటుంది. దాని బెరడుతో జపాన్ వాళ్లు కాగితం చేస్తారు. ఒలిచి తెల్లగా చేసిన ఆ కొమ్మను అమరికల్లో మామూలుగా వాడతారు. ఆ తెలుపు కూడా మనిషి చేతితో వచ్చిందే కదా?

మా దగ్గర అడిగే ప్రశ్న వేరు. రంగు వేశాక ఆ ఆకు గీత, బరువు, కదలిక మరింత తెలిశాయా, లేక మాయమయ్యాయా? తాటాకు గారి నలుపు మడతలను చూపించింది. అది నాకు నచ్చింది. ఎరుపు ఎందుకు వేశారో మాత్రం అర్థం కాలేదు.

గునుగు
మీరందరూ జపాన్ దాకా పోయారు. మాది సిద్దిపేట దిక్కు. బతుకమ్మ ఎట్లా పేరుస్తమో ఒకసారి గుర్తు తెచ్చుకోండి.

గునుగు చేన్లలో కలుపుగా మొలుస్తది. చేతితో ముడితే కాగితంలా గరగరమంటది, ఎండినా రూపు పోదు. కాడలు సమంగా కోసి, కట్టలు కట్టి, తలలను రంగునీళ్లలో ముంచి ఆరబెడతం. తాంబాళంలో గుమ్మడి ఆకులు పరిచి, వాటి మీద వరుసలు పెట్టుకుంట పోతం. తంగేడు, బంతి, కట్లపూలు పచ్చివి. వాటి నడుమ రంగు గునుగు. పైన గౌరమ్మ. మా అమ్మమ్మ కొన్ని గునుగు కట్టలు తెల్లగానే ఉంచేది. తెల్ల వరుస పక్కన ఉంటేనే ఎర్ర వరుస కొట్టొచ్చినట్టు కనబడతదనేది. అది ఏ బడికి పోయి నేర్చుకున్నదో నాకు తెల్వదు. రంగు వేసిన పువ్వు పువ్వే కాదంటే మా బతుకమ్మను ఏమనాలె?

నీటిగిన్నె
గునుగు గారూ, బతుకమ్మను నేను పోటీలో పెట్టే అమరికతో కలిపి చూడను. అది పూజ, పాట, ఊరంతా కలిసి చేసే పని. అయినా మీ అమ్మమ్మ గారి మాట దగ్గర ఆగిపోయాను. కొన్ని తెల్లగా ఉంచేవారన్నారు కదా. అంటే రంగు వేయని పువ్వు కూడా ఎదురుగానే ఉంది. తాటాకు గారి అమరికలో రంగు లేని ఎండుటాకు ఒక్కటీ లేదు. నన్ను ఇబ్బంది పెట్టింది అదేనని ఇప్పుడు తెలుస్తోంది.

పెరటితోట
అందం సంగతి మీరు తేల్చుకోండి. నాకు చెత్త గురించి దిగులు. అక్రిలిక్ రంగంటే ప్లాస్టిక్ పొరే. స్ప్రే డబ్బాలోదీ అంతే. మామూలు ఎండుటాకు నా కంపోస్టు గుంతలో మట్టయిపోతుంది. రంగు వేసింది అందులో వేయడానికి చేతులు రావు. ప్రదర్శన అయిపోయిన సాయంత్రం ఎన్ని బస్తాల రంగు ఆకులు మున్సిపాలిటీ బండి ఎక్కాయో చూశాను, ప్రాణం ఉసూరుమంది. గునుగు గారూ, మీ చెరువుల్లోకి పోయే రంగుల మాటేమిటి?

గునుగు
ఆ మాట నిజమే, ఒప్పుకుంటున్న. పొట్లాల రంగులు నీళ్లలో మరిగించి ముంచుతరు, తొమ్మిది రోజుల తర్వాత అంతా చెరువులనే. మా వాడలో మేం రెండేండ్ల నుంచి రంగు గునుగు తగ్గించినం. ఎరుపు కావాలంటే సీతజడ పెడుతున్నం, అది పుట్టుకతోనే ఎరుపు. కానీ రంగు మంచిదా కాదా అన్నది వేరు, రంగు వేస్తే కళ కాదన్నది వేరు. రెండూ కలపొద్దు.

పెరటితోట
సరే, కలపను. రంగే కావాలంటే గడపకు పూసే జాజు ఉంది కదా, అది ఎర్రమట్టే. సున్నం తెలుపు, దీపం మసి నలుపు. తుమ్మ జిగురు నీళ్లలో నానబెట్టి కలిపితే ఆకును పట్టుకుంటుంది. పసుపు మాత్రం వద్దు, ఎండ తగిలితే వెలిసిపోతుంది.

వంకరకొమ్మ
మంచి మాట చెప్పారు. ఒక జాగ్రత్త ఉంది, తుమ్మ జిగురు తడి తగిలితే కరుగుతుంది. అసలు ఏ రంగు వేసినా ఎండుటాకు తొడిమ నీళ్లలో ఉండకూడదు. నీళ్లు పీల్చి మెత్తబడుతుంది, బూజు పడుతుంది, గిన్నెలో నీళ్లు రంగు తేలతాయి, పక్కనున్న పచ్చి కాడ పాడవుతుంది. తొడిమకు గట్టి తీగ చుట్టి, ఆ తీగను కెంజాన్, అంటే గిన్నె అడుగున కాడలు గుచ్చే ముళ్ల దిమ్మ, దాని ముళ్లలో గుచ్చండి. ఆకు నీటి మట్టానికి పైనే ఉండాలి. రంగు వేసే ముందు ఆకు లోపలి దాకా ఎండాలి. న్యూస్ పేపర్ల మధ్య పెట్టి బరువు ఉంచి, పేపర్లు రోజూ మార్చండి. మెరిసే రంగు వద్దు, మెరుపు వస్తే ఆకు రేకు ముక్కలా కనిపిస్తుంది. పల్చగా రెండుసార్లు వేయండి, ఈనెలు మూసుకుపోకూడదు.

తాటాకు గారూ, ఇంటి దగ్గర ఒక పరీక్ష చేయండి. ఆంథూరియంలు తీసేసి చూడండి. అమరిక అప్పటికీ నిండుగానే ఉంటే పచ్చి పూలు ఊరికే అలంకారానికి వచ్చినట్టు. తీయగానే వెలితి అనిపిస్తే వాటికి అక్కడ పని ఉన్నట్టు. న్యాయనిర్ణేత అడగాల్సిన ప్రశ్న నా లెక్కలో ఇదే.

తాటాకు
మూడు రోజులు ఆగి రాస్తున్నాను, క్షమించండి. ఇంటికి తెచ్చిన అమరికలోంచి ఆంథూరియంలు తీసి చూశాను. నిజం చెప్పాలంటే పెద్ద తేడా రాలేదు. ఆకులే అంతా ఆక్రమించాయి. రాత్రి సరిగా నిద్ర పట్టలేదు.

మళ్లీ మొదలుపెట్టాను. నల్లాకు ఒకటే ఉంచాను. రెండోది రంగు లేనిది, వాన మచ్చలతోనే పెట్టాను. ఎర్రటిది తీసేసి జాజు, తుమ్మ జిగురు కలిపి చిన్న ఆకుకు వేశాను. జిగురు మొదటిసారి ఎక్కువై ఆరాక పెచ్చులూడింది. రెండోసారి పల్చగా కలిపితే నిలిచింది. నాలుగు ఆంథూరియంలకు బదులు ఒక్కటే. దాన్ని మచ్చల ఆకు మడతలోంచి బయటికి తొంగి చూసేలా వంచాను. ఇప్పుడు ఆ పువ్వు తీసేస్తే మచ్చల ఆకు మళ్లీ ఎండుటాకులా మిగిలిపోతోంది. పెట్టగానే లేస్తోంది.

రంగు వేయడం తప్పని ఇప్పటికీ అనుకోను. ఆ చీటీ అన్యాయమనే అంటాను. కానీ నా మొదటి అమరికలో నాకే కనిపించనిది ఇక్కడ మీరు చూపించారు.

నీటిగిన్నె
మీరు పెట్టిన కొత్త అమరిక ఫోటో చూశాను. నల్లాకు లేకపోయినా బాగుంటుందని నాకనిపిస్తోంది. అక్కడ మనకు కుదరదు, సరే. ఆ మచ్చల ఆకు దగ్గర మాత్రం చాలాసేపు ఉండిపోయాను.

గునుగు
అక్కా, జాజుకు జిగురు ఎంత కలిపినవో కొలత చెప్పు. బతుకమ్మ మొదలయ్యే పెత్రమాస లోపు గునుగు మీద వేసి చూస్త.