కొరియన్ కార్న్ డాగ్: ఇందులో కొరియా ఎంత?

డాలస్ బాబాయ్: శనివారం సరుకులకని డాలస్ పక్కనున్న కారల్టన్ వెళ్లి, పిల్లలు పేచీ పెడితే అక్కడి కొరియన్ కొట్లో రెండు కార్న్ డాగ్‌లు కొన్నాను. పన్నుతో కలిపి పదహారు డాలర్లు! పుల్లకు సాసేజ్ గుచ్చి, పిండిలో ముంచి, నూనెలో వేయించడం డాలస్ సరుకే కదా. ఫ్లెచర్ అన్నదమ్ములు 1942 నుంచీ డాలస్‌లో ఏటా జరిగే తిరునాళ్ల, టెక్సాస్ స్టేట్ ఫెయిర్‌లో అమ్మింది ఇదే. దానిమీద పంచదార చల్లితే కొరియాది అయిపోతుందా?

ప్లేనో పిన్ని: స్టేట్ ఫెయిర్‌లో మాత్రం చవకా బాబాయ్ గారూ? అసలు తేడా పిండిలో ఉంది. ఇక్కడిది మొక్కజొన్న పిండి, మన బజ్జీల పిండిలా జారుగా కలుపుతారు. కొరియావాళ్లది ఈస్ట్ వేసి పులియబెట్టిన గోధుమ పిండి, కొన్నిచోట్ల బియ్యప్పిండి కూడా కలుపుతారు. నేను కౌంటర్ దగ్గర నిలబడి చూశాను. ఆ అమ్మాయి పుల్లను పిండిలో పెట్టి గిరగిరా తిప్పితే, కదురుకు నూలు చుట్టుకున్నట్టు చుట్టుకుంది. తీగలా సాగిన కొసను గిన్నె అంచుకు రాసి తెంపింది. తర్వాత బంగాళాదుంప ముక్కల్లో దొర్లించి నూనెలో వేసింది. ఇక పంచదార అంటారా, పాకం గారెలు తినే మనమా ఆశ్చర్యపోయేది?

బే ఏరియా బ్రహ్మం: ఫ్లెచర్ వాళ్లే మొదలనీ చెప్పలేం అన్నా. పుల్లకు గుచ్చి వేయించే పరికరానికి న్యూయార్క్ రాష్ట్రంలోని బఫెలో ఊరికి చెందిన స్టాన్లీ జెన్‌కిన్స్ 1927లోనే దరఖాస్తు పెడితే, 1929లో పేటెంట్ వచ్చింది. ఇంకో తమాషా ఏమిటంటే, కొరియాలో దీన్ని ఉత్త ‘హాట్ డాగ్’ అనే అంటారు. ‘కొరియన్ కార్న్ డాగ్’ అన్నది ఇక్కడి బోర్డు మీది పేరు. చాలావాటిలో మొక్కజొన్నే ఉండదు. మన సెంటర్లో మంచూరియా బండికీ మంచూరియాకీ ఉన్న చుట్టరికం కన్నా ఇది నయమే.

అదే కొట్లో అమ్మే, జిగురుగా సాగే మోచి డోనట్ సంగతీ ఇంతే. మిస్టర్ డోనట్ అనే డోనట్ కొట్ల సంస్థ బోస్టన్ దగ్గర మొదలైంది, 1971లో జపాన్ వెళ్లింది. అక్కడ 2003లో పూసలు గుచ్చినట్టుండే పోన్ డి రింగ్ అనే డోనట్ చేశారు. మనం ఇక్కడ వరసలో నిలబడి కొనేది ఆ ఆకారమే.

డాలస్ బాబాయ్: పిండి విషయంలో పిన్ని గారి మాట ఒప్పుకుంటున్నా. కానీ సాసేజ్ బదులు లోపల పెట్టే ఆ చీజ్ సాగదీత మాత్రం వీడియోల కోసమే. మా వాడు ఫోను తీసి, యాంగిల్ కుదిరి, కొరికేసరికి అది రబ్బరులా బిగుసుకుపోయింది. మిగతాది కారులో నేనే తిన్నాను. బాగానే ఉందనుకోండి.

ఎడిసన్ కోడలు: మధ్యలో దూరుతున్నందుకు క్షమించాలి. మా అత్తగారు శాకాహారి. ఉత్త మొజరెల్లా చీజ్ పెట్టింది ఆవిడకు ఇప్పించొచ్చా?

ప్లేనో పిన్ని: లోపల సాసేజ్ లేకపోయినా నూనె చాలాచోట్ల ఒకటేనమ్మా. మేం వెళ్లిన కొట్లో అడిగితే, ఒకటే మూకుడని నిజాయితీగా చెప్పారు. ఒకే పుల్లకు సగం సాసేజ్, సగం చీజ్ పెట్టింది కూడా ఉంటుంది, పొరపాటున అది ఇచ్చేస్తారు. అత్తగారికి మాత్రం ఆ మోచి డోనట్... అది కూడా ఏ నూనెలో వేయించారో అడిగే కొనండి.